ఏ టెర్మినల్‌కు వెళ్లాలో విమానయాన సంస్థలు స్పష్టంగా ఎందుకు చెప్పవు?

ప్రశ్న: పయనమాలిక

సభ్యులందరికీ నమస్కారం. మా అత్తమామలు ఇటీవల విదేశంలోని ఒక పెద్ద విమానాశ్రయం నుంచి తిరుగు ప్రయాణమయ్యారు. వెళ్లేటప్పుడు దిగిన టెర్మినల్ నుంచే తిరుగు విమానం కూడా ఉంటుందని భావించి అక్కడికే వెళ్లారు. తెర మీద తమ విమానం సంఖ్య ఎంతకీ కనిపించకపోవడంతో ఇద్దరు ముగ్గురిని అడిగారు. చివరకు అది మరో టెర్మినల్ నుంచి బయలుదేరుతుందని తెలిసింది. ఆ రెండు భవనాల మధ్య నడిచి వెళ్లే దారి లేదు. బస్సు కోసం వేచి ఉండి, సామానుతో అక్కడికి చేరేసరికి చెక్-ఇన్ గడువు ముగిసిపోయింది. విమానం ఇంకా నేల మీదే ఉన్నా వారిని అనుమతించలేదు. పైగా వారు సమయానికి రానివారి కిందే లెక్క అని చెప్పి, కొత్త టికెట్లు కొనుక్కోవలసిందేనన్నారు.

తరువాత నేను టికెట్ ఈమెయిల్‌ను, ప్రయాణానికి ముందు రోజు వచ్చిన సందేశాన్ని, ఆన్‌లైన్ చెక్-ఇన్ పూర్తయ్యాక ఫోన్‌కు వచ్చిన బోర్డింగ్ పాస్‌ను ఒక్కొక్కటిగా చదివాను. అదనపు సామాను కొనమని, సీటు మార్చుకోమని, హోటల్ గది తీసుకోమని అందులో అడగని మాట లేదు. విమానాశ్రయం పేరు, దాని మూడక్షరాల కోడ్ కూడా ఉన్నాయి. టెర్మినల్ మాత్రం ఒక్క చోటా లేదు. ఆ విమానాశ్రయంలో ఒకటి కంటే ఎక్కువ టెర్మినళ్లు ఉన్నాయన్న హెచ్చరిక కూడా లేదు.

నాకు అర్థం కానిది ఇదే. విమానాశ్రయం పేరు చెప్పి టెర్మినల్ చెప్పకపోతే సగం చిరునామా ఇచ్చినట్లే కదా? ఆ మిగతా సగం సంస్థకు నిజంగా తెలియదా, తెలిసినా చెప్పవలసిన అవసరం లేదనుకుంటోందా? ఇలాంటి సందర్భంలో ప్రయాణికుడికి చట్టపరంగా ఏదైనా ఆధారం ఉందా? ఇకముందు పెద్దవాళ్లను ఒంటరిగా పంపవలసి వచ్చినప్పుడు ఈ సమాచారాన్ని నమ్మకంగా ఎక్కడ చూసుకోవాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: గగనవీధి

పయనమాలిక గారూ, ఆ వయసులో వారు పడిన ఆందోళన తలచుకుంటే బాధ కలుగుతోంది. నేను కొంతకాలం ఒక విమానయాన సంస్థ షెడ్యూళ్ల విభాగంలో పనిచేశాను. ఈ సమాచారం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ జారిపోతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

సంస్థకు టెర్మినల్ తెలియదన్న మాట చాలా సందర్భాలలో నిజం కాదు. ప్రపంచంలోని విమానయాన సంస్థలన్నీ తమ షెడ్యూళ్లను ఒకే రూపంలో పంచుకోవడానికి అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే అయాటా, ఒక ప్రామాణిక పద్ధతిని నిర్దేశించింది. అందులో ప్రతి విమానానికీ బయలుదేరే సమయం, చేరే సమయం, విమానం రకం వంటి వివరాలతో పాటు బయలుదేరే టెర్మినల్‌కు ఒక గడి, చేరే టెర్మినల్‌కు మరో గడి ఉంటాయి. రెండేసి అక్షరాలు పట్టే గడులవి. పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో ఉన్న 2ఇ, 2ఎఫ్ వంటి పేర్లు కూడా వాటిలో సరిపోతాయి. కాబట్టి చెప్పాలనుకుంటే చెప్పడానికి చోటు ఏనాటి నుంచో ఉంది.

ఇంతకంటే బలమైన ఆధారం మరొకటి ఉంది. ఒకే టికెట్ మీద రెండు విమానాలను కలిపి అమ్మేటప్పుడు, మొదటిది దిగాక రెండోది ఎక్కడానికి కనీసం ఎంత వ్యవధి కావాలో రిజర్వేషన్ వ్యవస్థ లెక్క చూస్తుంది. దీనిని కనీస అనుసంధాన వ్యవధి అంటారు. ఈ వ్యవధి విమానాశ్రయాన్ని బట్టే కాక, ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కు మారుతున్నారన్న దానిని బట్టి కూడా వేరువేరుగా నమోదై ఉంటుంది. అంటే టికెట్ అమ్మే క్షణంలోనే యంత్రం టెర్మినల్‌ను లెక్కలోకి తీసుకుంటుంది. తన అమ్మకానికి అవసరమైనప్పుడు చూసుకున్న వివరాన్నే, కొన్నవాడికి అవసరమైనప్పుడు దాచినంత పని చేస్తుంది. ఉద్దేశపూర్వకంగా దాస్తారని నేను అనడం లేదు. కానీ ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే ఫలితం ఒకటే.

మరి ఎక్కడ జారిపోతుంది? నేను గమనించినంతవరకు రెండు మూడు చోట్ల. షెడ్యూల్ తయారుచేసే విభాగం ఒకటైతే, ఈమెయిళ్ల, సందేశాల మూసలు తయారుచేసే విభాగం మరొకటి. ఆ రెండో విభాగం దృష్టి ఎక్కువగా అమ్మకాల మీద ఉంటుంది. టెర్మినల్ గడి ఖాళీగా వస్తే, సందేశంలో ఆ వరుసే లేకుండా పోయేలా మూసను అమరుస్తారు. ‘టెర్మినల్ ఇంకా ఖరారు కాలేదు, దయచేసి మళ్లీ చూసుకోండి’ అన్న వాక్యం అక్కడ ఉండాలి. అది లేకపోవడం వల్ల, ఆ విమానాశ్రయానికి ఒకే టెర్మినల్ ఉందేమోనని చదివేవారు అనుకుంటారు. ఖాళీ వరుస కనిపిస్తే కనీసం అనుమానమైనా కలుగుతుంది. వరుసే లేకపోతే అడగాలని కూడా తోచదు.

మధ్యలో మరో వెబ్‌సైటు ద్వారా టికెట్ కొంటే పరిస్థితి ఇంకా చిక్కుగా మారుతుంది. టికెట్ అమ్మినప్పుడు అందిన టెర్మినల్ వివరాన్నే ఆ వెబ్‌సైటు ఈమెయిల్‌లో ముద్రిస్తుంది. ఆ తరువాత విమానయాన సంస్థ టెర్మినల్ మార్చితే ఆ మార్పు వెబ్‌సైటు దాకా చేరవచ్చు, చేరకపోవచ్చు. చేరినా ప్రయాణికుడికి తెలియజేయవలసిన మార్పుగా వారు దానిని లెక్కించకపోవచ్చు. బయలుదేరే సమయం అరగంట మారితే సందేశం వస్తుంది, టెర్మినల్ మారితే రాదు. ఈ రెండింటిలో ప్రయాణికుడిని ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండోదేనని ఆ మూసలు రాసేవారికి ఎవరైనా గట్టిగా చెప్పాలి.

బోర్డింగ్ పాస్ సంగతి కూడా చెప్పాలి. దాని మీది బార్‌కోడ్‌లో ఏమేమి ఉండాలో కూడా అయాటా ప్రమాణమే నిర్ణయిస్తుంది. ప్రయాణికుడి పేరు, బుకింగ్ కోడ్, బయలుదేరే, చేరే విమానాశ్రయాల కోడ్‌లు, విమానాన్ని నడిపే సంస్థ, విమాన సంఖ్య, తేదీ, తరగతి, సీటు, చెక్-ఇన్ వరుస సంఖ్య వంటివి తప్పనిసరి. టెర్మినల్ ఆ తప్పనిసరి జాబితాలో లేదు. ఫోన్‌లో దాచుకున్న పాస్ మీద టెర్మినల్ కనిపించిందంటే ఆ సంస్థ శ్రద్ధ తీసుకుని విడిగా చేర్చిందని అర్థం. చేర్చకపోయినా యంత్రానికి లోటేమీ లేదు. లోటు మనిషికే.

సమాధానం: దారిబత్తెం

గగనవీధి గారు లోపలి సంగతి చక్కగా వివరించారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇతరులకు టికెట్లు తీసే పనిలో ఉన్నాను. బయటి వైపు నుంచి నాకు కనిపించేది చెబుతాను.

ప్రయాణికులను ఎక్కువగా తప్పుదారి పట్టించేది కోడ్‌షేర్. ఒకే విమానాన్ని రెండు మూడు సంస్థలు తమ తమ సంఖ్యలతో అమ్ముకుంటాయి. టికెట్ మీద ఒక సంస్థ పేరు పెద్దగా ఉంటుంది. విమానాన్ని నిజంగా నడిపే సంస్థ పేరు చిన్న అక్షరాలలో కింద ఉంటుంది. సాధారణంగా టెర్మినల్‌ను నిర్ణయించేది నడిపే సంస్థే. టికెట్ మీద పేరున్న సంస్థ ఏ టెర్మినల్‌లో ఉందో వెతికి అక్కడికి వెళ్లినవారు ఎంతో జాగ్రత్తగా వ్యవహరించి కూడా తప్పు చోటికి చేరుకుంటారు. 2018 జనవరిలో సియోల్ ఇంచియాన్ విమానాశ్రయంలో రెండో టెర్మినల్ తెరిచి కొరియన్ ఎయిర్, డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం సంస్థలను అక్కడికి మార్చారు. మిగతా సంస్థలన్నీ అప్పటికి మొదటి టెర్మినల్‌లోనే ఉండిపోయాయి. అలాంటి చోట, వేరే సంస్థ సంఖ్యతో టికెట్ కొని కొరియన్ ఎయిర్ విమానం ఎక్కవలసిన వ్యక్తి ఎటు వెళ్లాలి? విమానాన్ని ఎవరు నడుపుతున్నారో తెలిస్తేనే అతనికి దారి తెలుస్తుంది.

సంస్థ పేరు తెలిసినంత మాత్రాన సరిపోని విమానాశ్రయాలు కూడా ఉన్నాయి. టోక్యో హనెడాలో ఏఎన్ఏ సంస్థ అంతర్జాతీయ విమానాలలో కొన్ని రెండో టెర్మినల్ నుంచి, మిగతావి మూడో టెర్మినల్ నుంచి బయలుదేరతాయి. ఢిల్లీలో, ముంబయిలో ఇండిగో దేశీయ విమానాలు కూడా అన్నీ ఒకే టెర్మినల్ నుంచి వెళ్లవు. అందుకే నేను ఎవరికి టికెట్ ఇచ్చినా, ‘సంస్థను బట్టి కాదు, విమాన సంఖ్యను బట్టి, ఆ తేదీని బట్టి చూసుకోండి’ అని చెబుతాను. తరచుగా ప్రయాణించేవారు కూడా పాత అలవాటు కొద్దీ పోయిన సారి ఎక్కిన చోటికే వెళ్తారు. వారికి ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

పయనమాలిక గారి అత్తమామల విషయంలో జరిగినది మరో రకం. దిగిన టెర్మినల్, ఎక్కే టెర్మినల్ ఒకటే కావాలన్న నియమం ఏదీ లేదు. వెళ్లేటప్పుడు ఒక సంస్థ విమానం, వచ్చేటప్పుడు దాని భాగస్వామి విమానం అయినప్పుడు అవి వేరు కావడం సాధారణమే. ప్రయాణికుడికి తెలిసిన టెర్మినల్ తాను దిగినది ఒక్కటే కనుక, ఏమీ చెప్పకుండా వదిలేస్తే అక్కడికే వెళ్తాడు. అందులో అతని తప్పు లేదు. చెప్పేవారు చెప్పకపోతే ఎవరైనా చేసేది అదే.

పేర్లు మారడం మరో చిక్కు. హనెడాలో అంతర్జాతీయ టెర్మినల్ అని పిలిచేదాన్ని 2020 మార్చిలో మూడో టెర్మినల్‌గా మార్చారు. కౌలాలంపూర్‌లో కేఎల్ఐఏ2 అనే పేరుతో ఉన్నదాన్ని తరువాత రెండో టెర్మినల్ అనడం మొదలుపెట్టారు. లండన్ హీత్రోలో మొదటి టెర్మినల్ 2015లో మూతపడింది. ఇప్పుడు అక్కడ ఉన్నవి 2, 3, 4, 5. పాత సలహాలు, పాత పటాలు, పాత పేర్లు అలవాటైన టాక్సీ డ్రైవర్లు ఇంకా ఉంటారు. ఆ ప్రయాణానికి, ఆ రోజుకు సరైన పేరును చెప్పవలసింది టికెట్ అమ్మినవారే.

సమాధానం: తూర్పుగాలి

విమానాశ్రయ నిర్వహణలో పనిచేసినవాడిగా నేను కొంత భిన్నంగా ఆలోచిస్తున్నాను. దయచేసి దీనిని సంస్థలను వెనకేసుకురావడంగా భావించవద్దు.

టెర్మినల్ అనేది టికెట్ కొన్న నాడు శాశ్వతంగా నిర్ణయమయ్యే విషయం కాదు. విమానయాన షెడ్యూళ్లు ఏడాదికి రెండు కాలాలుగా నడుస్తాయి. మార్చి చివరి ఆదివారం వేసవి కాలం మొదలవుతుంది, అక్టోబరు చివరి ఆదివారం శీతకాలం మొదలవుతుంది. టెర్మినళ్ల కేటాయింపులు మారడం ఎక్కువగా ఈ మలుపుల దగ్గరే జరుగుతుంది. ఏడెనిమిది నెలల ముందు టికెట్ కొన్నవారి ప్రయాణం తరువాతి కాలంలో పడితే, ఆ నాటికి ఏ టెర్మినల్ ఉంటుందో అప్పటికి ఎవరికీ ఖాయంగా తెలియకపోవచ్చు. మరమ్మతులు, ప్రమాదాలు, రద్దీ తగ్గడం వంటి కారణాలు కూడా తోడవుతాయి. హీత్రో నాలుగో టెర్మినల్‌ను 2020 మేలో మూసి 2022 జూన్‌లో తిరిగి తెరిచారు. 2024 జూన్ 28న ఢిల్లీ మొదటి టెర్మినల్ ముందు భాగంలో పైకప్పు కూలి ప్రాణనష్టం జరిగినప్పుడు, అక్కడి నుంచి వెళ్లవలసిన విమానాలను అప్పటికప్పుడు రెండో, మూడో టెర్మినళ్లకు తరలించవలసి వచ్చింది. ఆ ఉదయం ప్రయాణికుల చేతిలో ఉన్న టికెట్ల మీద ముద్రించిన టెర్మినల్ అంతా తప్పే అయింది.

అందువల్ల తప్పు టెర్మినల్ ముద్రించడం కంటే ఏమీ ముద్రించకపోవడం మేలని కొన్ని సంస్థలు భావిస్తాయి. ఈ భయంలో కొంత న్యాయం ఉంది. తప్పు టెర్మినల్ రాసి ఉన్న కాగితాన్ని పట్టుకుని వచ్చిన ప్రయాణికుడు దానినే గట్టిగా నమ్ముతాడు. ఏమీ రాయని కాగితం పట్టుకున్నవాడు కనీసం ఎవరినైనా అడుగుతాడు.

ఆ రోజుకు సంబంధించి తుది మాట విమానాశ్రయానిదే. ఏ విమానం ఏ టెర్మినల్‌లో, ఏ కౌంటర్ల దగ్గర, ఏ గేటు నుంచి అన్న వివరాలన్నీ విమానాశ్రయం నిర్వహణ సమాచార వ్యవస్థలో ఉంటాయి. తెరల మీద కనిపించేది అక్కడి నుంచే వస్తుంది. విమానాశ్రయం వెబ్‌సైటులోని బయలుదేరే విమానాల పేజీకి కూడా మూలం అదే. అందుకే ప్రయాణానికి ముందు సాయంత్రం ఒకసారి, ఇంటి నుంచి బయలుదేరేముందు ఒకసారి ఆ పేజీలో విమాన సంఖ్యతో వెతికితే సరైన సమాచారం దొరుకుతుంది. ప్రయాణికులకు ఈ అలవాటు చేయడం మంచిదని నా అభిప్రాయం.

సమాధానం: గగనవీధి

తూర్పుగాలి గారూ, తుది మాట విమానాశ్రయానిదేనన్న విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. టికెట్ కొన్న రోజున టెర్మినల్ ఖరారు కాకపోవచ్చన్నది కూడా నిజమే. అయితే దాని నుంచి మీరు తీసిన ముగింపును అంగీకరించలేను.

బయలుదేరే సమయం కూడా మారుతుంది కదా. మారుతుందని చెప్పి ఏ సంస్థా సమయం లేకుండా టికెట్ ఇవ్వదు. ముద్రించి, మారితే సందేశం పంపుతుంది. టెర్మినల్‌కు కూడా అదే పద్ధతి ఎందుకు వర్తించదు? టికెట్ మీద ప్రస్తుతానికి ఫలానా టెర్మినల్, మారే అవకాశం ఉంది అని రాయవచ్చు. ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరుచుకునేది సాధారణంగా ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు. ఆ నాటికి అత్యవసర పరిస్థితులు తప్ప టెర్మినల్ ఖరారై ఉంటుంది. ఆ సందేశంలో మొదటి వరుసలోనే, సమయం పక్కనే, అంతే పెద్ద అక్షరాలలో టెర్మినల్ ఉండాలి. ఆ తరువాత మారితే వెంటనే మరో సందేశం వెళ్లాలి. ఢిల్లీలో జరిగినటువంటి దుర్ఘటన రోజున సంస్థ నుంచి ప్రయాణికుడి ఫోన్‌కు వచ్చే సందేశం మరింత అవసరం. ఆ గందరగోళంలో వెబ్‌సైటు తెరిచి వెతుక్కోమనడం సబబు కాదు.

ఏమీ రాయని కాగితం పట్టుకున్నవాడు అడుగుతాడన్నారు. ఎవరిని అడుగుతాడు? ఎక్కడ అడుగుతాడు? అప్పటికే తప్పు టెర్మినల్ ముందు నిలబడి ఉంటాడు. టికెట్ చూపితేనే లోపలికి అనుమతించే విమానాశ్రయాలలో అతను లోపలికి వెళ్లి అడిగే వీలు కూడా ఉండదు. భాష రానివారు, తెర మీది ఆంగ్ల అక్షరాలు వేగంగా చదవలేనివారు, చక్రాల కుర్చీ అవసరమైనవారు మరింత నష్టపోతారు. చక్రాల కుర్చీ సహాయం ముందుగా కోరుకున్నవారికి దానిని ఏర్పాటు చేసేది సరైన టెర్మినల్‌లోనే. తప్పు చోటికి చేరిన వృద్ధుడికి, నడవలేని ఆ సమయంలోనే, తన కోసం ఏర్పాటైన సహాయం కూడా దూరమవుతుంది. ఎక్కువ సహాయం అవసరమైనవారే ఎక్కువ నష్టపోయే పద్ధతి ఇది.

టెర్మినళ్ల మధ్య దూరం ఎంతో బయటివారు ఊహించలేరు. దుబాయ్‌లో రెండో టెర్మినల్ మిగతా రెండింటికి రన్‌వేల అవతలి వైపున ఉంటుంది. చార్లెస్ డి గాల్‌లో రెండో టెర్మినల్ అంటే అక్షరాలతో గుర్తించిన అనేక భవనాల సముదాయం. అందులో 2జి మిగతా వాటికి దూరంగా ఉంటుంది, దానికి బస్సులో వెళ్లాలి. అక్కడ ‘రెండో టెర్మినల్’ అని మాత్రమే చెప్పినా చెప్పనట్లే. సింగపూర్ చాంగీలో 1, 2, 3 టెర్మినళ్ల మధ్య రైలు ఉంది గానీ నాలుగో దానికి బస్సే దిక్కు. టెర్మినల్ పేరుతో పాటు, తప్పు చోటికి వస్తే మారడానికి ఎంత సమయం పడుతుందో కూడా ఒక్క వాక్యంలో చెప్పగలిగితే అది నిజమైన సేవ అనిపించుకుంటుంది.

సమాధానం: సమన్యాయం

చట్టం గురించి అడిగారు కనుక నాకు ఖచ్చితంగా తెలిసినంతవరకు చెబుతాను. ఆశాజనకంగా చెప్పలేకపోతున్నందుకు విచారిస్తున్నాను.

ప్రయాణికుల హక్కుల విషయంలో తరచుగా ఆదర్శంగా చూపే ఐరోపా సమాజపు 261/2004 నిబంధన ప్రకారం, విమానం ఎక్కనివ్వనందుకు పరిహారం కోరాలంటే, సంస్థ చెప్పిన సమయానికి చెక్-ఇన్‌కు హాజరై ఉండాలి. సమయం చెప్పకపోతే, ప్రకటించిన బయలుదేరే సమయానికి కనీసం 45 నిమిషాల ముందు హాజరు కావాలి. తప్పు టెర్మినల్‌లో గంటల ముందు నుంచి ఉన్నా, సరైన కౌంటర్‌కు గడువు దాటాక చేరితే హాజరైనట్లు ఒప్పించడం కష్టం. మీ అత్తమామలను సమయానికి రానివారి కింద లెక్కించింది ఈ తర్కంతోనే.

గమనించదగిన విషయం మరొకటి ఉంది. కోడ్‌షేర్ విషయంలో, విమానాన్ని నిజంగా నడిపే సంస్థ ఎవరో ప్రయాణికుడికి తెలియజేయాలని ఐరోపాలో 2111/2005 నిబంధన నిర్దేశిస్తోంది. అమెరికా రవాణా శాఖ నియమాలు కూడా ఆ వెల్లడిని తప్పనిసరి చేశాయి. ఎవరు నడుపుతున్నారో చెప్పడం బాధ్యత అని చట్టం గుర్తించింది. ఎక్కడి నుంచి నడుపుతున్నారో చెప్పడం కూడా దానికి సహజమైన కొనసాగింపే. నా దృష్టిలో, నియంత్రణ సంస్థలను అడగవలసిన ఖచ్చితమైన కోరిక ఇదే. బహుళ టెర్మినళ్లున్న విమానాశ్రయానికి అమ్మిన ప్రతి టికెట్ మీద టెర్మినల్ ఉండాలి, చెక్-ఇన్ సందేశంలో దానిని ధ్రువీకరించాలి, మారితే తెలియజేయాలి. తెలియజేయనప్పుడు విమానం తప్పిపోయిన ప్రయాణికుడిని తరువాతి విమానంలో అదనపు రుసుము లేకుండా పంపాలి.

భారతదేశపు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వర్తించే ఫిర్యాదులలో ఒక ఆధారం ఉంది. సేవాలోపం అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో, వినియోగదారుడికి అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా తొక్కిపెట్టడం కూడా ఉంది. అయితే ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న మాటను నిరూపించడం తేలిక కాదు. అదే నిర్వచనంలోని నిర్లక్ష్యం అన్న భాగం మీద వాదన నిలబెట్టడం మేలని నాకు తోస్తుంది. అందుకు కావలసింది సాక్ష్యం. మీరు చదివిన మూడు సందేశాలనూ పూర్తి రూపంలో, తేదీ, సమయం కనిపించేలా భద్రపరచండి. సంస్థ వెబ్‌సైటులో ఆ బుకింగ్ ఇంకా కనిపిస్తుంటే ఆ పేజీ చిత్రం కూడా తీసి ఉంచండి. ముందుగా సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అడగవలసిన ప్రశ్నను సూటిగా అడగండి: ఈ విమానం ఏ టెర్మినల్ నుంచి బయలుదేరుతుందో మీరు ప్రయాణికులకు ఏ తేదీన, ఏ సందేశం ద్వారా తెలియజేశారు? సానుభూతి కోరుతూ రాసిన పెద్ద లేఖ కంటే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడం వారికి కష్టం.

పయనమాలిక

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సమన్యాయం గారు చెప్పిన విధంగానే ఫిర్యాదు రాస్తాను. ఒక చిన్న సందేహం మిగిలి ఉంది. తప్పు టెర్మినల్‌కు చేరుకున్నామని తెలిసిన ఆ క్షణంలో ఏం చేస్తే విమానం దక్కే అవకాశం ఎక్కువ? అలాగే, వచ్చే నెలలో మా అమ్మగారు ఒక్కరే ప్రయాణించవలసి ఉంది. ఆమెకు రాసి ఇవ్వవలసిన వివరాలేమిటో కూడా చెప్పగలరా?

సమాధానం: దారిబత్తెం

మొదట చేయవలసింది, ఆన్‌లైన్ చెక్-ఇన్ ఇంకా చేసి ఉండకపోతే, నిలబడిన చోటే ఫోన్‌లో పూర్తిచేయడం. చేతి సంచి మాత్రమే ఉన్నవారికి అప్పుడు కౌంటర్ గడువుతో పని ఉండదు, గేటు మూసే లోపు చేరితే చాలు. సామాను అప్పగించవలసినవారికి మాత్రం ఆ గడువే ముఖ్యం. కాబట్టి బస్సు, రైలు, టాక్సీలలో ఏది ముందు వస్తే అది పట్టుకోవాలి. టెర్మినళ్ల మధ్య ఉచిత బస్సు ఉన్నా, దాని కోసం ఎంతసేపు వేచి ఉండాలో అడిగి తెలుసుకున్నాకే నిర్ణయించుకోవాలి. దారిలో ఉండగానే సంస్థకు ఫోన్ చేసి, విమానాశ్రయంలోనే ఉన్నామని చెప్పి, ఆ సమయాన్ని నమోదు చేయమనాలి. చేరిన తరువాత వరుసలో చివర నిలబడకుండా, చెక్-ఇన్ ముగియబోతున్న విమానం సంఖ్య చెప్పి సిబ్బందిని నేరుగా పిలవాలి. మన పెద్దవాళ్లు మొహమాటం కొద్దీ వరుసలోనే నిలబడిపోతారు. ఈ మాట వారికి ముందే గట్టిగా చెప్పి పంపాలి.

ఒకవేళ విమానం తప్పిపోయినా పని అంతటితో అయిపోలేదు. ఒకే టికెట్ మీద తరువాత ఇంకా ప్రయాణాలు ఉంటే, మొదటిది ఎక్కనందుకు మిగతావన్నీ రద్దు చేయడం చాలా సంస్థల పద్ధతి. మీ అత్తమామలది తిరుగు ప్రయాణం కనుక ఆ చిక్కు రాలేదు. మీ అమ్మగారికి వెళ్లే దారిలో ఇలా జరిగితే, కౌంటర్ వదిలి రాకముందే తిరుగు టికెట్‌ను అలాగే ఉంచమని అడిగించాలి, ఆ మాటను రాతలో తీసుకోవాలి.

ఇక ఆమెకు ఇచ్చే కాగితం. ఎక్కే ప్రతి చోటికీ విడిగా ఒక కాగితం ఇవ్వండి. రెండు మూడు ప్రయాణాలు ఒకే కాగితం మీద ఉంటే దిగే టెర్మినల్‌ను ఎక్కే టెర్మినల్‌గా చదవడం చాలా సులభం. అందుకే ఆ కాగితం మీద దిగే టెర్మినల్ రాయకండి. విమానాన్ని నడిపే సంస్థ పేరు, ఆ సంస్థ సంఖ్య, టికెట్ మీద వేరే సంఖ్య ఉంటే అది కూడా, ఎక్కే టెర్మినల్, చెక్-ఇన్ ముగిసే సమయం, ఇవి తెలుగులోను, అక్కడి వారికి చూపడానికి ఆంగ్లంలోను పెద్ద అక్షరాలతో రాయండి. టెర్మినల్ ఉండవలసిన చోటును మాత్రం ముందు సాయంత్రం వరకు ఖాళీగా ఉంచి, తూర్పుగాలి గారు చెప్పినట్లు విమానాశ్రయం వెబ్‌సైటులో చూసిన తరువాతే నింపండి. మధ్యలో విమానం మారవలసి ఉంటే, ఆ రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. విడివిడి టికెట్లయితే, కొన్ని విమానాశ్రయాలలో టెర్మినల్ మారడానికి ఆ దేశపు ఇమిగ్రేషన్ దాటి బయటికి రావలసి ఉంటుంది. అందుకు వీసా కావలసి రావచ్చు. ఆ సంగతి వచ్చే నెలలో విమానాశ్రయంలో తెలియడం కంటే ఈ వారంలోనే సంస్థకు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. మార్గం, తేదీ ఇక్కడ రాస్తే, ఏ చోట ఏ టెర్మినళ్లు తగులుతాయో నేను కూడా చూసి చెబుతాను.